గోడకన్నా ముందు నీటికి దారి

రాయగడ.

చిరంజీవికి ఆశీస్సులు.

లక్ష్మీపూర్ రోడ్ స్టేషను వైపు, రైలు మార్గం కోసం కొండను కోసిన కటింగులో జారుతున్న గట్టును నిలబెట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. రైళ్లు ఆగకుండా నడిచే లైను పక్కన ఇది నీ మొదటి పని కనుక, నాకు తెలిసినది రాస్తున్నాను.

కింద గోడ ఎక్కడ కట్టాలా అని చూడకముందు గట్టు పైకెక్కు. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైటు రాయి. ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదనే దానికా పేరు వచ్చింది. వేసవిలో అది బండలాగే కనిపిస్తుంది గాని, ఏళ్ల తరబడి నీరు ఇంకిన పగుళ్ల వెంట తెల్లని బంకమన్నుగా మారి ఉంటుంది. ఆ మన్ను చిటికెడు తీసి, తడిపి, వేళ్ల మధ్య రుద్ది చూడు; సబ్బులా జారుతుంది. వానకు మట్టి బరువెక్కడం ఒక ఎత్తయితే, లోపల చేరిన నీటి ఒత్తిడి పొరల మధ్య పట్టును సడలించడం అంతకన్నా ప్రమాదం. అందుకే గట్టు అంచుకు వెనకగా, పై చోడి పొలాల నుంచి వచ్చే నీటిని అడ్డగించి పక్క వాగులోకి మళ్లించే కాలువ మొదట తవ్వించు. దాని అడుగు నుంచి నీరు ఇంకకుండా గచ్చు చేయించు. పగిలిన కాలువ అసలు కాలువ లేకపోవడం కన్నా చెడ్డది, ఎందుకంటే అది నీటినంతా ఒకే చోట గట్టులోకి దింపుతుంది. ఆ పొలాల రైతులతో ముందే కూర్చుని మాట్లాడు, వాన నీరు ఎటు పారుతుందో నీ నక్షా కన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఒకసారి నా పర్యవేక్షణలోనే ఒక రాతి గోడ మొదటి వానాకాలంలోనే ఉబ్బింది. నునుపు కోసం మేస్త్రి నీరు కారే రంధ్రాలన్నిటినీ సిమెంటుతో పూసేశాడు, నేను పలుగుతో పొడిచి చూడకుండానే బిల్లు మీద సంతకం పెట్టాను. ఆ తప్పు నాది. రంధ్రాల వెనక కంకర, ఇసుక వడపోత ఉన్నదా లేదా అని నువ్వు ప్రతిదీ చూడు.

వట్టివేళ్ల గడ్డి తొలకరిలో, వాలుకు అడ్డంగా వరుసలుగా నాటించు. దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి పైమట్టిని పట్టుకుంటాయి, కానీ అంతకన్నా లోతున జారే గట్టును గడ్డి ఆపలేదు. దానికి వాలు తగ్గించడమో, మెట్లుగా కోయడమో, గట్టు లోపలికి పొడవాటి ఇనుప మేకులు దింపడమో చేయాలి. గట్టు పాదాన్ని మాత్రం ఒక్క బుట్టెడు కూడా తవ్వనివ్వకు.

బ్లాక్, అంటే ఆ లైను మీద రైళ్లు ఆపి పనికి ఇచ్చే అనుమతి, చేతికి రానిదే పట్టాలకు ఎగువన గట్టు మీద ఉన్న రాయిని కదిలించవద్దు. పైన 25,000 వోల్టుల తీగ ఉన్నచోట పొడవాటి ఇనుప కడ్డీ ఎత్తనివ్వకు. రాయి పట్టాల మీద పడితే దాన్ని తొలగించాలని కూలీలు ముందుకు పరిగెత్తుతారు. వాళ్లను ఆపి, స్టేషనుకు చెప్పి, ఎర్రజెండాతో మనుషులను రెండు వైపులా పంపించు. రాయి పడిన చోటు నుంచి 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు (రైలు చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయ), 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టడం వాళ్లకు పనికి ముందే నేర్పి ఉండాలి.

గట్టు పైన పగులు కనబడితే దానికి అటొక మేకు, ఇటొక మేకు కొట్టి, మధ్య దూరాన్ని రోజూ ఉదయం కొలిచి రాసుకో. పగులులోకి వాన నీరు దిగకుండా బంకమట్టితో కూరి మూయించు. పదిరోజుల కొలతలు నాకు పంపు, గోడ సంగతి వాటిని చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ పెదనాన్న