ధ్వనా, శబ్దమా, రొదా?

సందేహం: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సైన్సు పుస్తకంలో పాఠం పేరు 'ధ్వని'. పరీక్షలో వాడు 'గంట కంపించినప్పుడు శబ్దం పుడుతుంది' అని రాస్తే మార్కు తగ్గించారు. పేపర్లలో మాత్రం ఒకచోట 'శబ్ద కాలుష్యం', మరోచోట 'ధ్వని కాలుష్యం' అంటున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ అబ్బాయి రాసింది తప్పు కాదమ్మా. కంపనం వల్లే అది పుడుతుందని వాడికి తెలుసు. అక్కడ చూడాల్సింది అదే. మాట మారినందుకు మార్కు పోవడం నాకు బాధ కలిగించింది.

తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం' అనే సంస్కృత తర్కశాస్త్ర గ్రంథంలో శబ్దాన్ని రెండు రకాలుగా చెప్పాడు. భేరి వంటివాటిలో పుట్టేది ధ్వన్యాత్మకం, భాషగా పలికేది వర్ణాత్మకం. అంటే అక్కడ శబ్దమే పెద్ద పేరు, ధ్వని అందులో ఒక భాగం. మన సైన్సు పుస్తకాలు ధ్వనినే పెద్ద పేరు చేసుకున్నాయి. శబ్దానికి 'పదం' అన్న అర్థం కూడా ఉంది కాబట్టి (శబ్దార్థం, శబ్దాలంకారం) ఆ ఎంపిక నాకు సబబుగానే తోస్తుంది. ధ్వని తరంగం, ధ్వని వేగం, అతిధ్వనులు అని పదాలన్నీ ఒకే వరుసలో అమరుతాయి. పాఠం వరకు 'ధ్వని' అనే రాయమనండి. శబ్దం అనడం తప్పని మాత్రం చెప్పకండి.

అసలు చిక్కు 'నాయిస్' (noise) అనే ఇంగ్లీషు మాట దగ్గర వస్తుంది. ఆ ఒక్క మాటలో రెండు అర్థాలున్నాయి. వీణ తీగ కంపనం ఒక క్రమంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, రేకుల మీద కంకర కుమ్మరిస్తే ఆ క్రమం ఉండదు. ఇది భౌతికశాస్త్రం చూసే తేడా. దీనికి 'క్రమం లేని ధ్వని' అంటే చాలు. రెండో అర్థం వినేవారిని బట్టి ఉంటుంది. రాత్రి 11 గంటలకు వీధిలో డీజే పెట్టి మంచి పాటే వేశారనుకోండి. అది పాటే, అందులో క్రమమూ ఉంది. కానీ పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లకు అది నాయిసే.

ఈ రెండో అర్థానికి కొందరు 'చప్పుడు' అంటారు. నాకది నప్పదు. అడుగుల చప్పుడు మెత్తగానూ ఉండొచ్చు, ఆ అడుగులు మనం ఎదురుచూస్తున్న మనిషివీ కావచ్చు. 'మోత' గట్టిదనాన్ని చెబుతుంది, పెళ్ళి బాజాల మోత మనకు ఇష్టమే. 'హోరు' సముద్రానికీ గాలికీ బాగుంటుంది. ఆగకుండా వినిపిస్తూ విసిగించేది 'రొద'. నా ఓటు దానికే. టీచర్లు క్లాసులో ఈ మాట వాడితే పిల్లలకు నిర్వచనం బట్టీ పట్టించే పని ఉండదు.

'శబ్ద కాలుష్యం', 'ధ్వని కాలుష్యం' రెండూ వాడుకలో ఉన్నవే, రెండూ సరైనవే. 2000 నాటి కేంద్ర నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఈ అంకెలు చిన్న తేడాగా కనిపిస్తాయి గానీ, 10 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుందని మీ అబ్బాయికి తప్పక చెప్పండి.

మరో మాట. మీ ఉత్తరంలో ఒకచోట 'శబ్ధం' అని పడింది. అది 'శబ్దం', ద కింద ఒత్తు వద్దు. దాని వికృతే 'సద్దు'. గొడవ 'సద్దుమణిగింది' అనే మాటలో ఉన్నది ఈ సద్దే, అందుకే దాన్ని 'సర్దుమణిగింది' అని రాయకూడదు.