మడైరాలోని కమాషా వెళ్తే ఏం చూడాలి? అక్కడి బుట్ట అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?

పోర్చుగల్‌కి చెందిన మడైరా దీవిలో, రాజధాని ఫుంషాల్ నుంచి కారులో అరగంటలోపు కొండెక్కితే బుట్టల అల్లికకి పేరున్న కమాషా ఊరు వస్తుంది. ఎత్తు దాదాపు 700 మీటర్లు. కింద ఎండ కాస్తున్నా పైన పొగమంచు, చినుకులు మామూలే కాబట్టి స్వెట్టర్ ఉంచుకోండి.

ఇక్కడ బుట్టలు అల్లేది విల్లో చెట్టు రెమ్మలతో. చలికాలంలో కోసిన రెమ్మల్ని గంటల తరబడి నీళ్లలో ఉడికిస్తారు. దాంతో బెరడు సులువుగా ఊడొస్తుంది, అందులోని రంగు పుల్లకి పట్టి తేనెఛాయ తేలుతుంది. తర్వాత ఎండబెట్టి, అల్లే ముందు మళ్లీ నానబెడతారు. సరిగా నానని పుల్ల వంపు దగ్గర ఫట్‌మంటుంది.

కొనేటప్పుడు బుట్ట తిరగేసి, పుల్ల కోసిన కొసని దగ్గరగా చూడండి. నడిమధ్య బెండు చుక్క ఒక్కటే ఉంటే విల్లో. జల్లెడలా సన్నటి రంధ్రాలుంటే అది పేము, అంటే ఆసియా సరుకు. అంచుని రెండు చేతులా పట్టి మెలిపెట్టండి. కిర్రుమన్నా పర్వాలేదు, కదిలితే వద్దు.

అల్లేవాళ్లు బాగా తగ్గిపోయారు. పని చూడాలంటే పనిదినాన పొద్దున్నే వెళ్లి, దుకాణంలో అడగండి. ఊరి మైదానంలో 1875 నాటి ఫుట్‌బాల్ ఆటకి గుర్తుగా స్మారకం ఉంది, పోర్చుగల్‌లో మొదటి ఆట అదేనంటారు.

పెద్ద బుట్ట విమానంలో చేతిసామానుగా ఒప్పుకోరు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే సెట్ తీసుకోవడం నయం.