శుక్రవారం పొద్దుగుంకేలోపు

కూర్మన్నపాలెం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలి.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి నువ్వు శనివారం సబ్బాతు, అంటే శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా విశ్రాంతి దినం, ఆచరిస్తావట, మన సంఘం వదిలి సెవెంత్‌డే అడ్వెంటిస్టుల శనివారం సంఘంలో చేరతావట, శుక్రవారం నైట్ షిఫ్ట్ చేయనని ఆఫీసులో చెప్పేశావట. "నా మాట వినడం లేదన్నయ్యా, నువ్వు చెప్పు" అన్నాడు. వాడి గొంతు వణికింది.

నిజం చెబుతున్నాను, వినగానే నాకు గర్వంగా అనిపించింది. జీతం తగ్గినా సరే, దేవుడికి ఇవ్వాల్సిన రోజు ఇచ్చి తీరాలని ఇరవై ఆరేళ్ళ పిల్ల అనుకోవడం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం? కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఫోన్‌లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ముందు పనికొచ్చే మాటలు. మేనేజరుకి నోటితో చెప్పి ఊరుకోకు, మెయిల్ పెట్టు. శుక్రవారం బదులు ఆదివారం రాత్రి చేస్తానని అందులోనే రాయి. మన విశాఖలో డిసెంబరులో అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. ఏడాదంతా ఒకటే టైము చెప్పి ఇరుక్కోకు. ఏ పరీక్షకైనా కట్టేముందు తేదీ శనివారం పడుతుందేమో చూసుకో. శనివారం వంట శుక్రవారమే చేసుకుంటావు కాబట్టి ఎండాకాలంలో పప్పు జోలికి పోకు, పులిసిపోతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు మీ నాన్నకు పెట్టిన మెసేజ్ వాడు నాకూ పంపాడు. ఆదివారం కాన్‌స్టంటైన్ చక్రవర్తి పెట్టిందని, బైబిల్లో లేదని, దాన్ని ఆచరించేవాళ్ళకు మృగపు ముద్ర, అదే ప్రకటన గ్రంథంలో దేవుడి ఉగ్రతకు గురయ్యేవాళ్ళ మీద ఉండే గుర్తు, తప్పదని రాశావు. మీ నాన్నకు రాశావమ్మా ఆ మాట! నువ్వు పుట్టినప్పుడు ఏడు నెలల పిల్లవి, బతకవన్నారు. కేజీహెచ్ ఆసుపత్రి మెట్ల మీద రాత్రంతా మోకాళ్ళ మీద ఉన్నాడు వాడు. వాడి నుదుటి మీద ఏ ముద్ర ఉందో నీకు కనబడిందా?

కోప్పడ్డాను. ఉండనీ.

కాన్‌స్టంటైన్ 321లో ఆజ్ఞ ఇచ్చిన మాట నిజం. సూర్యుని దినాన న్యాయాధిపతులు, పట్టణాల్లో జనం పని మానాలన్నాడు. పొలం పనులు మాత్రం చేసుకోవచ్చన్నాడు. అయితే అంతకు నూట అరవై ఏళ్ళకు పైగా ముందే జస్టిన్ అనే విశ్వాసి, రోమా చక్రవర్తికి పెట్టుకున్న విన్నపంలో, మేము సూర్యుని దినాన ఒకచోట కూడుకుంటాం, ప్రభువు లేచింది ఆ రోజే అని రాశాడు. ఆ విశ్వాసం కోసమే తర్వాత ఆయన్ని చంపారు. కాబట్టి ఆదివారం సెలవు చక్రవర్తి ఇచ్చాడు గాని, ఆదివారం ఆరాధన అప్పటికే ఉంది. ఇది నీ మెసేజ్‌లో లేదు.

అలాగని మనవాళ్ళు చెప్పేదంతా సరైనదని నేను అనను. సబ్బాతును ఆదివారానికి మార్చాను అని దేవుడు చెప్పిన వచనం ఒక్కటి చూపించమంటే నేను చూపించలేను. యేసు ప్రభువు ప్రతి విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్ళడం వాడుక. ఆయన్ని సమాధిలో పెట్టాక కూడా ఆ స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రాంతి దినం గడిచేదాకా ఆగారు. మన తెలుగు బైబిల్లో "ఆదివారమున" అని ఉన్న చోట మూలంలో ఉన్నది వారపు మొదటి దినం అని. మన అనువాదకులు దాన్ని నేరుగా ఆదివారం అనేశారు. త్రోయలో పౌలు రొట్టె విరవడానికి కూడుకున్న చోట కూడా అంతే. అర్ధరాత్రి దాకా ప్రసంగం సాగి, కిటికీలో కూర్చున్న కుర్రాడు నిద్రలో పడిపోయింది అప్పుడే. "యూదుల లెక్కలో పొద్దు గుంకితే మరుసటి రోజేగా, అది మన శనివారం రాత్రిరా" అనేది మీ పెద్దత్త. నా దగ్గర జవాబు లేదు.

నాలుగో శతాబ్దంలో లవొదికయ పట్టణంలో సంఘ పెద్దలు కూడి, క్రైస్తవులు శనివారం పని మానకూడదని నియమం పెట్టారు. నియమం పెట్టాల్సి వచ్చిందంటే, మానేవాళ్ళు అప్పటికీ చాలామంది ఉన్నారన్నమాటే కదా. ఇథియోపియా సంఘం ఈనాటికీ రెండు రోజులనూ గౌరవిస్తుంది. నువ్వు చేరాలనుకునే ఆ సంఘం అమెరికాలో 1863లో ఏర్పడింది, కానీ శనివారం ఆచరించే బాప్టిస్టులు ఇంగ్లండులో అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఉన్నారు. నువ్వు కొత్త దారేం తొక్కడం లేదు. నేను మాత్రం ఆదివారం మనిషినే, సమాధి ఖాళీ అయిన పొద్దు నాకు అన్ని పొద్దుల కంటే పెద్దది. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయం తీసి చూడు. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవడి మనస్సులో వాడు రూఢి చేసుకోవాలి అంటాడు పౌలు. ఆ వెంటనే, నీ సహోదరుడికి ఎందుకు తీర్పు తీరుస్తున్నావని అడుగుతాడు. మొదటి మాట నాకు ఎప్పుడూ నోటికి వచ్చు. రెండోది నేర్చుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది.

మీ పెద్దత్త సంగతి నీకు సగమే తెలుసు. బావగారి ఉద్యోగం ఏలూరు వైపు ఉన్నప్పుడు ఆయనకు జబ్బు చేసి నూజివీడు గిఫర్డ్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నర్సులు పొద్దున్నా సాయంత్రం మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసేవారట. బావగారు లేచి ఇంటికొచ్చారు. మర్రిపాలెం వచ్చి స్థిరపడేసరికి అక్క శనివారం సబ్బాతు పట్టింది. ఆ సంఘంలో కూడదంటారని రొయ్యలు మానేసింది, పీతలు మానేసింది, టీ కూడా. మా నాన్న సంఘపెద్ద. ఆయన కూతురు ఆదివారం గుడిలో కనబడకపోతే అందరూ నన్నే అడిగేవారు. నాకు నామోషీగా ఉండేది.

2003లో ఈ ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం ప్రార్థన ఆదివారం సాయంత్రం పెట్టుకుందామని మీ పెద్దమ్మ అంది, పాస్టరుగారూ సరేనన్నారు. నేను శనివారం పదకొండింటికి పెట్టాను. కావాలనే పెట్టాను. సరిగ్గా అక్క వాళ్ళ ఆరాధన వేళ. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి నేనే వెళ్ళి రొయ్యలు తెచ్చి బిర్యానీ చేయించాను. ఆమె వస్తే తన ఆరాధన పోతుంది, రాకపోతే తమ్ముడి ఇంటికి రాలేదన్న మాట పడుతుంది. రెండిట్లో ఏది జరిగినా నాదే పైచేయి అనుకున్నాను.

వచ్చింది. చీకటి పడ్డాక, బస్సు దిగి ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. మూత జారకుండా పైన తెల్లగుడ్డ ముడేసి ఉంది. చుట్టాలు ఇంకా వరండాలోనే ఉన్నారు. నేను గేటు దాకా వెళ్ళాను, గడియ తీయలేదు. గడియ మీద చెయ్యి పెట్టి, "మీ దేవుడి విశ్రాంతి అయిపోయిందా అక్కా? మా ప్రార్థన కూడా అయిపోయింది" అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. అక్క నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా లైట్లు వెలుగుతున్న ఇంటిని చూసింది. "ఇల్లు బాగుందిరా" అంది. క్యారేజీ గేటు దిమ్మ మీద పెట్టి వెళ్ళిపోయింది.

దాన్ని రెండు రోజులు నేను ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీ పెద్దమ్మ విప్పేసరికి చీమలు పట్టేశాయి. నాలుగు గిన్నెల్లోనూ అరిసెలే. పై గిన్నెలో నువ్వులు అద్దినవి. చిన్నప్పటి నుంచి నాకు అవంటే ఇష్టమని అక్కకు తెలుసు.

మర్నాడు ఆదివారం నేనెక్కడ ఉన్నానో తెలుసా? గుడిలో లేను. స్టీల్‌ప్లాంట్‌లో, పొద్దుటి షిఫ్ట్‌లో, కోక్ ఓవెన్ బ్యాటరీ పైన, అంటే బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిల వరస పైన. బ్యాటరీని ఒకసారి వెలిగిస్తే ఆర్పడమంటూ ఉండదమ్మా. చల్లారితే లోపల సిలికా ఇటుకలు పగిలిపోతాయి. దానికి శనివారం లేదు, ఆదివారం లేదు. మాతో ఒక శనివారం విశ్వాసి పనిచేసేవాడు. నా ఆదివారం డ్యూటీ అతను చేసేవాడు, అతని శనివారం డ్యూటీ నేను చేసేవాణ్ణి. షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం పెట్టేవాడు. ఏళ్ళ తరబడి అలా మార్చుకున్నాం. ఇద్దరం వేర్వేరు రోజులు నమ్మబట్టే ఇద్దరికీ గుడి దొరికింది. ఆ వారం అతను సెలవులో ఉన్నాడు కాబట్టి నాకు డ్యూటీ తప్పలేదు. ఓవెన్ తలుపు తీస్తే ఎర్రటి కోక్ కూలుతుంటే మొహం కాలిపోయేది. ఇక్కడ ఒక శనివారం మనిషితో నెలనెలా ఇచ్చిపుచ్చుకుంటూ, అక్కడ సొంత అక్కకు గేటు తీయలేదేమిటి అని అప్పుడైనా అనిపించాలి కదా. అనిపించలేదు.

పదకొండేళ్ళు మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు పెట్టెకు అటువైపు ఆమె, ఇటువైపు నేను.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఊళ్ళో ఎవరూ గుమ్మం దాటలేకపోయారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లన్నీ రోడ్ల మీదే. అక్క ఎలా ఉందో తెలుసుకునే దారి లేదు. శనివారానికి రోడ్లు కాస్త తెరిపిన పడితే స్కూటరు తీశాను. ఇంటికి తాళం. పక్కింటాయన ప్రార్థన స్థలం వైపు చెయ్యి చూపించాడు. రేకులన్నీ ఎగిరిపోయి నాలుగు గోడలే మిగిలాయి. లోపల ఆకాశం కింద చాపల మీద కూర్చుని పాడుతున్నారు. నేను గుమ్మంలో ఆగిపోయాను. అక్క తల తిప్పి చూసింది. ఏమీ అనలేదు. చాప మీద కాస్త పక్కకు జరిగింది.

వెళ్ళి కూర్చున్నాను. ప్రార్థన అయ్యేదాకా ఆమె చెయ్యి నా మోకాలి మీదే ఉంది.

ఆ తర్వాత అక్క నాలుగేళ్ళు బతికింది. పదకొండేళ్ళు పోగొట్టుకుని నాలుగేళ్ళు దక్కించుకున్నాను. ఆ క్యారేజీ ఇప్పటికీ మా వంటింట్లో పై అరలో ఉంది.

నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు అర్థమైందా? నువ్వు శనివారానికి వెళుతున్నావని కాదు తల్లీ. నీ మెసేజ్‌లో నా గొంతు వినబడింది. గేటు దగ్గర నిలబడిన ఆ గొంతే. ఈసారి గడియ మీద చెయ్యి నీది, బయట నిలబడింది మీ నాన్న.

మీ నాన్న భయం నీ పెళ్ళి గురించి. నా భయం పెళ్ళి అయ్యాక సంగతి. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజే చెప్పు, అబ్బాయికి నువ్వే చెప్పు, మధ్యవర్తుల చేత చెప్పించకు. పిల్లలు పుడితే ఏ రోజు ఎక్కడికి వెళతారో కూడా అప్పుడే మాట్లాడుకో. "తర్వాత సర్దుకుంటుందిలే" అన్నవాడిని నమ్మకు. తర్వాత అంటూ ఏదీ దానంతట అది సర్దుకోదు.

ఇంకొకటి. ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయంలో సబ్బాతు ఆజ్ఞ మళ్ళీ వస్తుంది. నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ ఇంట్లో ఉన్న పరదేశి, వీళ్ళంతా నీలాగే విశ్రమించాలని, నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావని మర్చిపోవద్దని అక్కడ ఉంది. నువ్వు ఇంటికి వెళ్ళినప్పుడు నీ శనివారం ప్రశాంతంగా గడవాలని మీ అమ్మ శుక్రవారం రెండింతలు వండితే అది ఎవరి విశ్రాంతి? మీ హాస్టల్లో గిన్నెలు తోమే ఆవిడకు వారంలో ఒక్క పూటైనా సెలవు ఉందా? అడిగి చూడు. ఈ మాట ఆదివారం వాళ్ళమైన మాకూ వర్తిస్తుంది. మీ పెద్దమ్మ ఎన్ని ఆదివారాలు గుడి నుంచి తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళిందో ఇప్పుడు లెక్క పెడుతున్నాను.

ఆ సంఘంలో చేరడానికి బాప్తిస్మం తీసుకోవాలా వద్దా అన్నది నీకూ ప్రభువుకూ మధ్య. నేను అడ్డు చెప్పను. మీ నాన్నను నేను చూసుకుంటాను. కానీ ఆ మెసేజ్ మాటకు నువ్వే ఫోన్ చేసి క్షమించమని అడగాలి. మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి. ఆదివారం మధ్యాహ్నం చెయ్యి, గుడి నుంచి వచ్చి ఒక్కడే కూర్చుంటాడు.

ఈ శుక్రవారం ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చెయ్. మీ పెద్దమ్మ పొద్దు గుంకకముందే వంట ముగిస్తానంది, ఉల్లిపాయలు నేను తరుగుతాను. రొయ్యలు వండం. ఏ సంఘానికి వెళ్ళాలో అడ్రసు పంపితే శనివారం పొద్దున్న స్కూటరు మీద దింపుతాను. రుషికొండ నుంచి ఇంత దూరం వచ్చేసరికి చీకటి పడుతుందేమో, పడినా ఫర్వాలేదు. గేటు తీసే ఉంటుంది.

నీ
పెదనాన్న