పక్కవాడు రాసిన డీఎల్‌ఎల్‌లో లోపం ఉంటే మనమెందుకు అప్‌డేట్ ఇవ్వాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మేము అమ్మే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వెళ్లే ఒక థర్డ్ పార్టీ లైబ్రరీలో (బయటివాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, విండోస్‌లో తరచు డీఎల్‌ఎల్ ఫైలుగా ఉంటుంది) సెక్యూరిటీ లోపం బయటపడింది. అది మేం రాసిన కోడ్ కాదు, ఆ ఫీచర్ మేం వాడటమూ లేదు. అయినా అప్‌డేట్ ఇవ్వాలా?"

ఇవ్వాలి. "మేం రాసింది కాదు" అన్న ముక్క నేనూ ఒకసారి అన్నాను, పలాసలో, లోడెక్కిన లారీ పక్కన నిలబడి. ఆ తర్వాత మళ్లీ అనలేదు.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద గదిలో కూర్చుని బిల్లింగు, స్టాకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. కొనేది రైసు మిల్లులు, పలాస-కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లు. విజువల్ బేసిక్ 6లో రాసింది. నవ్వకండి, ఇప్పటికీ నడుస్తోంది. సాయంత్రం డేటాని జిప్ చేసి బ్యాకప్ తీయడానికి 2008లో ఎక్కడో ఉచితంగా దొరికిన కంప్రెషన్ కాంపొనెంట్ ఒకటి తగిలించాను. జిప్, రార్, ఏస్, ఇంకా నేను పేరు కూడా వినని రకాల కుదించిన ఫైళ్లు విప్పుతుందట. నాకు కావలసింది జిప్ ఒక్కటే. దాని వెంట వచ్చిన అరడజను ఫైళ్లలో యూఎన్‌ఏసీఈవీ2 అనే డీఎల్‌ఎల్ ఒకటి ఉంది. ఏది తీస్తే ఏది ఆగిపోతుందో అని భయపడి మొత్తం ఇన్‌స్టాలర్‌లో పడేశాను. తర్వాత పదకొండేళ్లు దాని మొహం చూడలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. మా కస్టమర్లున్న పలాస వైపే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు పడుకున్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటొచ్చాక కంప్యూటర్లు ఆన్ చేస్తే కొన్నింట్లో ఫైళ్లు పాడైపోయి కనిపించాయి. అప్పుడు నేనో తెలివైన పని చేశాననుకున్నాను. సాఫ్ట్‌వేర్ తెరవగానే తన ఫోల్డర్‌లో ఉండాల్సిన ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటుంది. ఒక్కటి తగ్గినా "మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అని చెప్పి మూసుకుపోతుంది.

2019 ఫిబ్రవరిలో, ఇలాంటి కుదించిన ఫైళ్లు విప్పే విన్‌రార్ అనే ప్రోగ్రాం గొడవ బయటపడింది. ఏస్ ఫైలుకి రార్ అని పేరు మార్చి పంపితే, విప్పిన మనిషికి తెలియకుండా అందులోని ప్రోగ్రాం విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, మర్నాడు కంప్యూటర్ ఆన్ చేయగానే దానంతటదే నడుస్తుంది. బయటపడ్డ లోపాలకిచ్చే సీవీఈ నంబర్లలో దానిది సీవీఈ-2018-20250. దాన్ని పట్టుకున్న చెక్‌పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీ పరిశోధకుల లెక్కలో అది 19 ఏళ్లుగా అందులోనే ఉంది. ఇక్కడ అసలు తమాషా ఏమిటంటే, లోపమున్న డీఎల్‌ఎల్ విన్‌రార్ వాళ్లు రాసింది కాదు. 2005 నుంచి దానికి అప్‌డేట్ లేదు, సోర్సు కోడ్ వాళ్ల దగ్గర లేదు. బాగుచేసే దారి లేక 5.70 వెర్షన్‌లో ఏస్ సదుపాయాన్నే ఎత్తేశారు. ఆ డీఎల్‌ఎల్ యూఎన్‌ఏసీఈవీ2యే.

ఆ వార్త నేనూ చదివాను. "అయ్యో విన్‌రార్" అనుకుని టీ తాగడానికి కిందికి దిగాను.

మార్చి ఆఖర్లో ఒకరోజు పొద్దున్నే కాశీబుగ్గ నుంచి ఫోను. "బావూ, నీ సాఫ్ట్‌వేర్ తెరవనంటంది. లారీ గేటు కాడ నిలబడిపోనాది." ఇన్‌వాయిస్ లేందే ఈ-వే బిల్లు రాదు, ఈ-వే బిల్లు లేందే లారీ కదలదు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడపండి బాబాయ్ అన్నాను. నడిపారు, తెరుచుకుంది. పావుగంటకి మళ్లీ ఫోను, మళ్లీ తెరవట్లేదట. మూడోసారికి రైలెక్కాను.

వెళ్లి చూస్తే, విశాఖలో బీటెక్ చదివే వాళ్ల మేనల్లుడు సెలవులకి వచ్చి ఉన్నాడు. వార్త చదివి, సీ డ్రైవ్ అంతా వెతికి, ఆ పేరుతో ఉన్న ప్రతి ఫైలునీ తీసేస్తున్నాడు. ఇన్‌స్టాలర్ పెడుతోంది, గుంటడు తీస్తున్నాడు, నా చెకింగ్ తలుపు మూస్తోంది. పైగా నన్ను చూడగానే, "అంకుల్, వైరస్‌కి దారిచ్చే ఫైలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఎందుకుంది?" అన్నాడు.

నేను ఓనరు వైపు తిరిగి, "అది మాది కాదు బాబాయ్, ఎవరో రాసింది. మేం దాన్ని వాడం కూడా" అన్నాను.

ఆయన పక్కనున్న పది కిలోల డబ్బా మీద చెయ్యేశాడు. డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు, సీలేసి ఉంది. "బావూ, ఇందల పురుగొస్తే, పిక్క ఐవరీ కోస్టు నుంచొచ్చినాది, నాకు తెల్దు అంటే ఢిల్లీ షావుకారు ఊరుకుంటాడేటి? డబ్బా మీద పేరెవులిది?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి చెకింగ్ జాబితాలోంచి ఆ పేరు తీసేసి కొత్త ఈఎక్స్‌ఈ (నడిచే ప్రోగ్రాం ఫైలు) ఇచ్చాను. మధ్యాహ్నానికి లారీ కదిలింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఇది మీకూ పనికొస్తుంది. కొత్త ఇన్‌స్టాలర్‌లో ఫైలు పెట్టకపోతే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. పాత ఇన్‌స్టాల్ పెట్టిన కాపీ కస్టమర్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది. తీసెయ్యమని విడిగా రాయాలి. ఇన్‌స్టాలర్ తయారుచేయడానికి ఇన్నో సెటప్ వాడేవాళ్లకి దానికోసం ఇన్‌స్టాల్‌డిలీట్ అనే విభాగమే ఉంది. నాకది అప్పటిదాకా తెలియదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మిల్లు మిల్లూ తిరిగాను, ఎందుకంటే మా కస్టమర్లు అప్‌డేట్ నొక్కరు. "బాగానే నడుస్తోంది కదా, కెలకడం ఎందుకు" అంటారు. ఇదే మనుషులు ఫోనులో ఎవడో పంపిన ఏపీకే మాత్రం కళ్లు మూసుకుని నొక్కుతారు!

"ఆ ఫీచర్ వాడటం లేదు" అన్నది మీ రెండో వాదన. వాడనిదాన్ని పెట్టెలో ఎందుకు మోస్తున్నారు? నన్నడిగితే లైబ్రరీ అప్‌డేట్ కంటే లైబ్రరీ తొలగింపు వందరెట్లు మంచిది. ఈ తరం కుర్రాళ్లు ఒక్క బార్‌కోడ్ గీయడానికి నలభై ప్యాకేజీలు దింపుతారు, అందులో ఏముందో అడిగితే భుజాలెగరేస్తారు. మన రాష్ట్రంలో అమ్ముడవుతున్న బిల్లింగు సాఫ్ట్‌వేర్లలో సగం ఫైళ్లు అక్కర్లేనివేనని పందెం కాస్తాను.

విడి ఫైలుగా ఉన్నది నయం, పేరైనా కనిపిస్తుంది. ఈఎక్స్‌ఈ లోపల కలిసిపోయినవి ఇంకా చిక్కు. 2023 సెప్టెంబరులో, క్రోమ్ లోపల బొమ్మలు చూపించే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు జనం క్రోమ్ అప్‌డేట్ చేసుకుని చేతులు దులుపుకున్నారు. క్రోమ్ ఇంజిన్‌నే లోపల పెట్టుకుని డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్ అనే పనిముట్టు ఉంది; దాంతో కట్టిన ప్రతి యాప్‌లోనూ ఆ లైబ్రరీ సొంత కాపీ ఉంటుంది, క్రోమ్ బాగుపడినా అది బాగుపడదు. 2022 మార్చిలో జీలిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీకి లోపం సరిచేసిన 1.2.12 వెర్షన్ వచ్చినప్పుడైతే నా కోడ్‌లో జీలిబ్ ఎన్నిచోట్ల ఉందో తేల్చడానికే రెండు రోజులు పట్టింది. బ్యాకప్‌లో ఒకటి, పీడీఎఫ్‌లో ఒకటి, రిపోర్టు బొమ్మల్లో ఇంకొకటి. అప్పట్నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. పేరు, వెర్షన్, ఎక్కడ తెచ్చాను, ఎందుకు తెచ్చాను. దీన్నే ఇప్పుడు ఎస్‌బామ్ (సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిశాయో చెప్పే జాబితా) అంటున్నారు, 2024 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నా నోట్‌బుక్‌కి అంత పేరుందని తెలియక వెనక పేజీల్లో పాల లెక్క రాశాను.

అలాగని లోపాలు వెతికే స్కానర్ ప్రోగ్రాం ఇచ్చిన రిపోర్టు చూసి గుండెలు బాదుకోవద్దు. ఒక కస్టమరు తరఫు ఆడిటరు నాకు వంద పేజీల పీడీఎఫ్ పంపాడు, అందులో చాలావరకు వెర్షన్ నంబరు చూసి కొట్టిన కేకలే. 2019 జులైలో వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌తో పెద్ద ప్రమాదం అని వార్తలు మోగాయి. తీరా చూస్తే తప్పు లిబ్‌ఈబీఎమ్‌ఎల్ అనే వేరే లైబ్రరీది, అదీ 16 నెలల కిందటే సరిచేసింది. ఫిర్యాదు చేసిన మనిషి కంప్యూటర్‌లో పాత కాపీ ఉంది. కాబట్టి ముందు మీ ఇన్‌స్టాలర్‌లో వెళ్తున్న వెర్షన్ ఏదో మీ కళ్లతో చూసుకోండి.

కాశీబుగ్గ బాబాయ్ ఇప్పటికీ నా కస్టమరే. అప్‌డేట్ పట్టుకెళ్లినప్పుడల్లా "ఈసారి డబ్బాలో ఏటేసినావు?" అంటాడు. మొన్న వెళ్లినప్పుడు పీడీఎఫ్ లైబ్రరీ కొత్తది పెట్టానన్నాను. "పాతది తీసినావా?" అన్నాడు.

తీయలేదు. తిరుగు రైల్లో కూర్చుని ఆ ఒక్క వరుస రాశాను.