పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పోర్టు నంబరు వెనుక కాచుకుని ఉన్నదెవరు?

ఇటీవల వచ్చిన ఉత్తరాలలో నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ (కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు పాటించే నియమాలు) గురించి, పోర్టు నంబర్ల గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నందున ఈ సంచికలో శీర్షికనంతా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా నెట్‌వర్కింగ్ పాఠంలో ఎఫ్‌టీపీకి 21, ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, టెల్నెట్‌కి 23, ఎస్‌ఎమ్‌టీపీకి 25, డీఎన్‌ఎస్‌కి 53, హెచ్‌టీటీపీకి 80 అంటూ ఒక పట్టిక ఇచ్చారు. పరీక్ష కోసం బట్టీ పట్టాను గాని, ఈ అంకెలను ఎవరు నిర్ణయించారో, వాటికి ఏమైనా అర్థం ఉందో తెలియలేదు.
– బీఎస్సీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అంకెలకు తమంతట తాముగా అర్థమేమీ లేదమ్మా. వాటి వెనుక చరిత్ర మాత్రం ఉంది, అది తెలిస్తే బట్టీ పట్టే శ్రమ సగం తగ్గుతుంది. హైదరాబాదు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు చేరుకోవడం ఒక ఎత్తు, అక్కడ మన ఊరి బస్సు ఆగే ప్లాట్‌ఫారం దగ్గరకు వెళ్లడం ఇంకొక ఎత్తు. ఐపీ చిరునామా ప్యాకెట్టును, అంటే సమాచారపు ముక్కను, కంప్యూటరు దాకా తీసుకువస్తుంది. ఆ కంప్యూటరులో ఏకకాలంలో నడుస్తున్న అనేక ప్రోగ్రాములలో అది ఎవరికి అందాలో పోర్టు నంబరు చెబుతుంది. ఫలానా ఊరి బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద ఆగడం అందరికీ తెలిసేలా చేసుకున్న ఏర్పాటు మాత్రమే. అధికారులు రేపు దానిని మార్చవచ్చు, మార్చిన సంగతి తెలిసినవారు కొత్తచోటికే వెళ్లి ఎక్కుతారు. పోర్టు నంబరు కూడా సరిగ్గా అటువంటి ఒప్పందమే.

ఈ ఒప్పందాన్ని మొదట నోటుపుస్తకంలో లెక్క రాసుకున్నంత శ్రద్ధగా నిర్వహించినవారు జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కాలంలో, 1972 నాటికే, ఏ సేవకు ఏ నంబరు వాడాలో అందరూ ఒక మాట మీద ఉండాలని ఆయన ప్రతిపాదించి, 1998లో మరణించేవరకు ఆ జాబితా బాధ్యతను మోశారు. ఆ బాధ్యతను నేడు ఐఏఎన్‌ఏ అనే సంస్థ చూస్తున్నది. 21, 23, 25 అన్నీ బేసి సంఖ్యలే అన్న సంగతి మీరు గమనించే ఉంటారు. అప్పట్లో వాడిన ఎన్‌సీపీ అనే ప్రోటోకాల్‌లో ఒక సంబంధం ఒకే దిశలో నడిచేది కనుక, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి చొప్పున ప్రతి సేవకు సరి, బేసి సంఖ్యల జంట అవసరమయ్యేది. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ అనే కొత్త ప్రోటోకాల్‌కు మారిన తరువాత ఒకే సంబంధంలో రెండు దిశలూ ఇమిడిపోయి, జంటలో ఒక సంఖ్య మిగిలిపోయింది. మీ పట్టికలోని ఆ మూడు బేసి అంకెలు ఆ పాత కాలపు ఆనవాళ్లు.

మరి 22 సరి సంఖ్య ఎలా అయింది? 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో చొరబడి, దారిలో పోతున్న పాస్‌వర్డులను దొంగిలించారు. దూరపు కంప్యూటరును నడిపే టెల్నెట్‌లో గాని, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో గాని పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా ఉన్నదున్నట్టు ప్రయాణిస్తుంది కనుక అది కష్టమైన పని కాలేదు. అక్కడి పరిశోధకుడు తాతు యూలెనెన్ ఆ రెంటికీ బదులుగా, సమాచారాన్నంతా సంకేతీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. రెండు పాత ప్రోటోకాల్స్ మధ్యన 22 ఖాళీగా కనిపించగా, అది తనకు ఇప్పించమని ఐఏఎన్‌ఏకు ఆ జూలైలో ఒక చిన్న మెయిల్ పంపారు. మరునాడే, పోస్టెల్ సహచరురాలు జాయిస్ రేనాల్డ్స్ నుంచి నంబరు కేటాయించినట్టు జవాబు వచ్చింది. ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా, ప్రపంచమంతా నేటికీ వాడుకునే ఒక ఏర్పాటు రెండు ఉత్తరాల మర్యాదతో ముగిసిపోయిందే అని నాకు సంతోషం కలుగుతుంది.

పోర్టు నంబరుకు 16 బిట్లు కేటాయించారు కనుక అది 0 నుంచి 65535 వరకు ఉంటుంది. 1023 దాకా ఉన్నవి పేరున్న సేవలకు, 1024 నుంచి 49151 దాకా ఉన్నవి ఎవరైనా కోరి నమోదు చేయించుకోవడానికి, ఆ పైవి అప్పటికప్పుడు వాడి వదిలేయడానికి అని విభజించారు. మీ పట్టికలో డీఎన్‌ఎస్ (సైటు పేరుకు ఐపీ చిరునామా చెప్పే సేవ) పక్కన యూడీపీ (ముందుగా సంబంధం కుదుర్చుకోకుండానే ప్యాకెట్లు పంపే ప్రోటోకాల్) అని మాత్రమే, వెబ్ పక్కన టీసీపీ అని మాత్రమే ఉంటే అది అసంపూర్ణం. డీఎన్‌ఎస్ జవాబు పెద్దదైనప్పుడు అదే 53 మీద టీసీపీని వాడుతుంది. వెబ్‌లో కొత్త తరానికి చెందిన హెచ్‌టీటీపీ/3, 2022లో ప్రమాణంగా వెలువడింది. అది కూడా సురక్షిత వెబ్ (హెచ్‌టీటీపీఎస్) వాడే 443 మీదనే నడుస్తుంది, అయితే టీసీపీకి బదులు యూడీపీని ఆధారం చేసుకుంటుంది. పరీక్షలో పాఠంలో ఉన్నదే రాయండి, పనిలో మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఖమ్మంలో మా అమ్మానాన్నలు ఉండే ఇంటికి నిఘా కెమెరాలు పెట్టించాను. ఇక్కడి నుంచి ఫోనులో చూడడానికి వీలుగా, వాటిని అమర్చిన వ్యక్తి రౌటరులో 80, 554 పోర్టులను డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టెకు ఫార్వార్డ్ చేశారు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థను మార్చిన తరువాత ఏమీ కనిపించడం లేదు. పోర్టు నంబర్లు మార్చి చూడమంటున్నారు. ఏం చేయాలి?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కనిపించడం లేదన్న మీ బాధ నాకు అర్థమైంది. కాని ఇంతకాలం కనిపించిన తీరే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది. రెండింటినీ విడివిడిగా చెబుతాను.

కనిపించకపోవడానికి కారణం పోర్టు నంబరు అయ్యే అవకాశం తక్కువ. ఐపీ నాలుగవ వెర్షన్ చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే కావడం వలన, అనేక సంస్థలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను పంచుతున్నాయి. బయటి నుంచి 554ను వెతుక్కుంటూ వచ్చిన ప్యాకెట్టు ఆ సంస్థ యంత్రం దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటరు దాకా రానే రాదు. నాన్నగారిని రౌటరు స్టేటస్ పేజీ తెరిచి, వాన్ ఐపీ (WAN IP) అని ఉన్నచోట ఏముందో చదవమనండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా అయితే, మీరు ఉన్నది ఈ పంపకంలోనే. అప్పుడు రౌటరులో ఎన్ని నంబర్లు మార్చినా ఫలితం ఉండదు.

ఇక రెండవది. 80, 554 పోర్టులను ఫార్వార్డ్ చేయడమంటే డీవీఆర్‌ను ప్రపంచంలో ఎవరైనా పలకరించగలిగేలా పెట్టడం. ఆ పెట్టె లోపల ఉన్నది ఒక చిన్న కంప్యూటరే. దానికి తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చనివారు ఎందరో ఉంటారు, ఏళ్ల తరబడి దాని సాఫ్ట్‌వేరును తాజా చేయనివారు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఇటువంటి కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను వెతికి పట్టుకున్నది. టెల్నెట్ వాడే 23, 2323 పోర్టులను తట్టి, తయారీదారులు పెట్టే మామూలు పాస్‌వర్డులు కొన్ని పదులు వరుసగా ప్రయోగించడమే అది చేసిన పని. అలా చిక్కిన పరికరాల సైన్యంతో ఆ అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై దాడి జరిగితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు కొన్ని గంటలపాటు తెరుచుకోలేదు.

554కు బదులు 40554 అని పెడితే ఎవరికీ తెలియదు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. తెలుస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో తెచ్చిన జెడ్‌మ్యాప్ అనే పనిముట్టు, ఇంటర్నెట్‌లోని ఐపీ నాలుగవ వెర్షన్ చిరునామాలన్నిటినీ ఒక పోర్టు మీద 45 నిమిషాలలోపే తట్టి రాగలదని చూపించారు. నేను ఒకసారి పరీక్ష కోసం కొత్త సర్వరు ఒకటి పెట్టి, 22ను బయటికి తెరిచి నిద్రపోయాను. పొద్దున లేచి లాగ్ చూస్తే రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అంటూ వందల పేర్లతో లోపలికి రావడానికి ప్రయత్నించిన వరుసలు కనిపించాయి. ఆ సర్వరు చిరునామా నేను ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి రౌటరులోని ఫార్వార్డింగ్ వరుసలను తొలగించండి, యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే దానినీ ఆపండి. అది ఆన్‌లో ఉంటే లోపలి పరికరాలు మనల్ని అడగకుండానే పోర్టులు తెరిపించుకుంటాయి. డీవీఆర్ పాస్‌వర్డును మార్చి, తాజా ఫర్మ్‌వేరు వేయించండి. చూడడానికి తయారీదారు యాప్‌ను వాడితే, డీవీఆర్ తానే లోపలి నుంచి బయటి సర్వరుతో సంబంధం పెట్టుకుంటుంది కనుక మీ వైపు ఏ పోర్టూ తెరవనక్కరలేదు, పైన చెప్పిన చిరునామా పంపకం కూడా అడ్డు రాదు. ఆ సంస్థ సర్వరును నమ్మడం ఇష్టం లేకపోతే, స్టాటిక్ ఐపీ (మారని సొంత బహిరంగ చిరునామా) తీసుకుని రౌటరులో వీపీఎన్ (సంకేతీకరించిన సొంత దారి) పెట్టించుకోండి. వైర్‌గార్డ్ అయితే యూడీపీ 51820 ఒక్కటి తెరిస్తే చాలు, సరైన తాళంచెవి లేనివారు తట్టినప్పుడు అది అసలు జవాబే ఇవ్వదు. మరొక మాట. విండోస్ ఫైళ్లు పంచుకునే 445ను ఇంటి నుంచి బయటికి ఎవరు తెరవమన్నా తెరవవద్దు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ పోర్టు వెనుక ఉన్న పాత ప్రోటోకాల్ లోపం ద్వారానే దేశదేశాలకూ పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ విడుదల చేసి ఉన్నది.

ప్రశ్న: పింగ్ ఏ పోర్టును వాడుతుంది? ఇంటర్వ్యూలో అడిగితే 7 అని చెప్పాను, తప్పన్నారు.
– ఉద్యోగార్థి, అనంతపురం

జవాబు: ఒక యంత్రం పలుకుతున్నదా అని తట్టి చూసే పింగ్‌కు పోర్టే లేదు. అది వాడే ఐసీఎంపీ అనే ప్రోటోకాల్ కూడా టీసీపీ, యూడీపీల మాదిరిగానే నేరుగా ఐపీ మీద కూర్చుంటుంది. ఐపీ హెడరులో ఐసీఎంపీకి 1, టీసీపీకి 6, యూడీపీకి 17 అని గుర్తులు ఉంటాయి. 7 అన్నది ఎకో అనే వేరొక పాత సేవకు చెందిన పోర్టు. పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన అక్కడ వెబ్ సర్వరు నడుస్తున్నదని అనుకోకూడదు, జవాబు రానంత మాత్రాన యంత్రం ఆగిపోయిందనీ అనుకోకూడదు.

ప్రశ్న: ఒక వెబ్‌సైటుకు 443 ఒక్కటే పోర్టు కదా. వేలమంది ఒకేసారి ఎలా వాడగలుగుతున్నారు? సంబంధం కుదరగానే సర్వరు ఒక్కొక్కరికి ఒక్కొక్క కొత్త పోర్టు ఇస్తుందని మా శిక్షణా కేంద్రంలో చెప్పారు.
– అమీర్‌పేట, హైదరాబాదు

జవాబు: చాలామంది అలాగే చెబుతారు, అది సరికాదు. సర్వరు వైపు పోర్టు చివరిదాకా 443గానే ఉంటుంది. ఒక టీసీపీ సంబంధాన్ని గుర్తించేది నాలుగు అంశాల కలయిక: మీ చిరునామా, మీ పోర్టు, సర్వరు చిరునామా, సర్వరు పోర్టు. మీరు బ్రౌజరులో ఒక పేజీ తెరిచినప్పుడు మీ యంత్రం 51344 వంటి ఒక ఖాళీ పోర్టును తాత్కాలికంగా తీసుకుంటుంది. విండోస్ 49152 నుంచి, లినక్స్ మామూలుగా 32768 నుంచి ఇటువంటివి ఎంచుకుంటాయి. మరో సంబంధానికి 51345 తీసుకుంటే, నాలుగింటిలో ఒకటి మారింది కనుక సర్వరుకు అది వేరే సంబంధం. ఒక సర్వరుకు 65535 సంబంధాలకు మించి కుదరవనే మాట కూడా ఇందుకే నిలవదు. అసలు పరిమితి దాని మెమరీలోను, ఆపరేటింగ్ సిస్టం అమరికలలోను ఉంటుంది.

ప్రశ్న: నేను రాసిన వెబ్ అప్లికేషను నా ల్యాప్‌టాప్‌లో 8080 మీద చక్కగా పనిచేస్తున్నది. పక్క టేబుల్ మీది కంప్యూటరు నుంచి తెరిస్తే ఒకసారి కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని, మరోసారి టైమ్డ్ అవుట్ అని వస్తున్నది. రెండూ ఒకటేనా?
– ట్రెయినీ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: రెండూ ఒకటి కావు, ఆ తేడాను చదవడం వస్తే మీ వెతుకులాట సగం పూర్తయినట్టే. టీసీపీ సంబంధం మొదలుపెట్టేటప్పుడు అవతలి యంత్రం సిన్ అనే గుర్తుతో ఒక ప్యాకెట్టు పంపుతుంది, మీ ల్యాప్‌టాప్ సిన్-యాక్ పంపాలి, దానికి అది యాక్ పంపాలి. ఆ పోర్టు మీద కాచుకుని ఉన్న ప్రోగ్రాము ఏదీ లేకపోతే, మీ ల్యాప్‌టాప్ వెంటనే రీసెట్ ప్యాకెట్టు తిప్పి పంపుతుంది. అదే రెఫ్యూజ్డ్. అంటే యంత్రం దొరికింది, దారి సరిగానే ఉంది, ఆ నంబరు దగ్గర పలికేవారు లేరని అర్థం. టైమ్డ్ అవుట్ అయితే ఏ జవాబూ రాలేదన్నమాట. సాధారణంగా మధ్యలో ఏదో ఒక ఫైర్‌వాల్ (అనుమతి లేని ప్యాకెట్లను ఆపే కాపలా) ఆ ప్యాకెట్టును చప్పుడు లేకుండా పారేసి ఉంటుంది.

మీ ల్యాప్‌టాప్‌లో నెట్‌స్టాట్ ఆదేశాన్ని నడిపి, 8080 ఉన్న వరుసలో దాని ముందు ఏ చిరునామా ఉన్నదో చూడండి. 127.0.0.1 అని ఉంటే మీ ప్రోగ్రాము ఆ యంత్రంలోని వారి పిలుపు మాత్రమే వింటున్నది, బయటివారికి రెఫ్యూజ్డ్ రావడం సహజం. అమరికలలో దానిని 0.0.0.0 అని మార్చితే అన్ని వైపుల నుంచీ వింటుంది. ఆ మార్పు తరువాత కూడా టైమ్డ్ అవుట్ వస్తుంటే విండోస్ ఫైర్‌వాల్‌లో 8080కి, అదీ మీ కార్యాలయ నెట్‌వర్కు నుంచి మాత్రమే, అనుమతి ఇవ్వండి. ఇదంతా మీరు బహుశా వెతుకుతూ ఒకదాని తరువాత ఒకటి మార్చడం వల్లనే ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి కనిపించాయి. ఒక్కో మార్పు చేసి, ఏ సందేశం వచ్చిందో కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి.

ప్రశ్న: దుకాణంలోని కంప్యూటరులో మెయిల్ వస్తుంది గాని, పంపినది అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నది. పోర్టు 25 అని పెట్టి ఉంది.
– వస్త్ర వ్యాపారి, రాజమహేంద్రవరం

జవాబు: మెయిల్ రావడానికి, పోవడానికి వేర్వేరు ప్రోటోకాల్స్ ఉన్నందువల్ల ఇలా జరుగుతుంది. వచ్చేది ఐమ్యాప్ ద్వారా, బహుశా 993 మీద వస్తున్నది. 25 అన్నది ఒక మెయిల్ సర్వరు మరొక మెయిల్ సర్వరుకు అందించడానికి ఉద్దేశించినది. వైరస్ సోకిన కంప్యూటర్లు దాని ద్వారా లక్షల కొద్దీ అనవసరపు మెయిళ్లు గుప్పించడంతో, చాలా బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు దానిని వినియోగదారుల వైపు మూసివేశాయి. మీ మెయిల్ ప్రోగ్రాములో అవుట్‌గోయింగ్ సర్వరు అన్నచోట 587 పెట్టి స్టార్ట్ టీఎల్‌ఎస్ ఎంచుకోండి, లేదా 465 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకోండి. ఏ పోర్టుకు ఏ భద్రత అన్నది తారుమారైతే మళ్లీ మెయిల్ కదలదు. ఆ పైన సర్వరుకు యూజర్ పేరు, పాస్‌వర్డు అవసరమని తెలిపే గడిలో టిక్కు పెట్టి, మీ చిరునామాకే ఒక మెయిల్ పంపి చూసుకోండి.