మూడు వారాలుగా బరువు కదలట్లేదు, వదిలేయాలా అని అడిగారు కదా

మీరు రాసింది రెండుసార్లు చదివా. మొదటి నెలలో 4 కిలోలు తగ్గారు, తర్వాత మూడు వారాలు అలాగే నోరు కట్టుకుని అలాగే నడిచినా మెషీన్ మీద అంకె కదల్లేదు, ఆ ఉక్రోషంలో ఒక పెళ్లిలో ఆపుకోలేక తినేసారు, తెల్లారి చూస్తే 2 కిలోలు పెరిగి కనిపించింది, అంతే, వారం నుంచి అన్నీ మానేసారు. నా ఒళ్ళే ఇంతేమో, వదిలేయాలా అని అడిగారు. వదలొద్దండి. నేను సరిగ్గా ఇదే చోట రెండుసార్లు వదిలేసినదాన్ని. మూడోసారి వదల్లేదు, 89 నుంచి 68కి రావడానికి 20 నెలలు పట్టింది, ఆ 68 దగ్గరే కాస్త అటూ ఇటూగా మూడేళ్ళు దాటింది. నేను డాక్టర్ని కాదు, నాకు జరిగిందీ ఈ ఏళ్ళలో చదివి తెలుసుకున్నదీ చెప్తా.

ముందు ఆ 2 కిలోల సంగతి, ఎందుకంటే మిమ్మల్ని కుంగదీసింది అదే. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు ఉంటాయి. అంటే ఒక్క పూటలో నిజంగా 2 కిలోల కొవ్వు పట్టాలంటే మామూలుగా తినేదానికి పైన ఇంకో 15,000 క్యాలరీలు తినాలి. అంత తినడం మనిషి వల్ల కాదు. మీకు పెరిగింది నీరు, ఆ ఉప్పు పట్టుకున్న నీరు, ఇంకా కడుపులోనే ఉన్న తిండి బరువు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని ఒక రకం చక్కెర నిల్వ ఉంటుంది, అందులో ఒక్కో గ్రాము తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించిన మొదటి వారాల్లో ఈ నిల్వ తగ్గుతుంది, దాంతో పాటు నీరూ పోతుంది, అందుకే చాలామందికి మొదటి నెల అంత బాగుంటుంది. పెళ్లి భోజనంతో నిల్వ మళ్ళీ నిండింది, నీరు తిరిగొచ్చింది. మామూలు తిండిలో పడితే కొన్ని రోజుల్లో దిగిపోయేదే. మీరు అది దిగేదాకా కూడా ఆగకుండా మానేసారు చూడండి, అక్కడ నాకు బాధేసింది, ఎందుకంటే నేనూ మొదటిసారి అచ్చం అదే చేసా.

ఇక మూడు వారాలు కదలకపోవడం. మీరు ఆడవాళ్ళైతే ఇది బాగా గుర్తుపెట్టుకోండి, పీరియడ్స్ ముందు చాలామందికి ఒంట్లో నీరు చేరుతుంది, నాకైతే కిలోన్నర దాకా పెరుగుతుంది, ఆ టైంలో లోపల కొవ్వు తగ్గుతున్నా మెషీన్ మీద కనపడదు. అందుకే ఈ వారాన్ని పోయిన వారంతో కాదు, పోయిన నెలలో ఇదే వారంతో పోల్చి చూసుకోవాలి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా కండరాలు ఒళ్ళు నొప్పులతో పాటు నీటిని పట్టుకుంటాయి. నేను చేసేదేంటంటే పొద్దున లేచి బాత్రూంకి వెళ్ళొచ్చాక రోజూ చూసుకుని రాసుకుంటా, ఆ రోజు అంకెని పట్టించుకోను, వారం మొత్తానికి సగటు తీసి దాన్నే చూస్తా. రోజూ చూస్తే మనసు పాడవుతుంది అనుకునేవాళ్ళు వారానికి ఒకసారే చూసుకోండి, తప్పేం లేదు. కానీ టేపు మాత్రం తప్పకుండా కొనుక్కోండి. బొడ్డు దగ్గర నడుము కొలత, రెండు వారాలకి ఒకసారి. నాకు అయిదో నెలలో 79 దగ్గర ఏడు వారాలు ఆగిపోయింది, ఏడు వారాలు అంటే చిన్న విషయం కాదు, కానీ ఆ ఏడు వారాల్లో నడుము 4 సెంటీమీటర్లు తగ్గింది, టేపు లేకపోతే నేను మూడోసారి కూడా వదిలేసేదాన్ని అని నాకు గట్టిగా తెలుసు. నడుము కొలత మన ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలని డాక్టర్లు చెప్పే మాట, నా మటుకు నాకు బరువు కన్నా అదే మంచి గురి.

నేను ఫెయిలైన రెండుసార్లు గురించి కూడా చెప్తా, మీకు పనికొస్తుంది. మొదటిసారి ఒక పూటే తిని మిగతా అంతా ద్రవాలతో గడిపా, ఆరు వారాల్లో 7 కిలోలు పోయాయి, అందరూ మెచ్చుకున్నారు, రెండు మూడు నెలలకి దువ్వెన నిండా జుట్టు ఊడటం మొదలైంది, పగలంతా తిండి గురించే ఆలోచన, రాత్రుళ్ళు వంటల వీడియోలు చూస్తూ కూర్చునేదాన్ని, చివరికి 9 కిలోలు పెరిగా. నాకు నిగ్రహం లేదు అని చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నా. తర్వాత తెలిసింది, 1944-45లో అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూసాడు, వాళ్ళు కూడా పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడుకునేవాళ్ళు, వంట పుస్తకాలు చదువుతూ కూర్చునేవాళ్ళు, దిగులు, చిరాకు, నీరసం. అది చదివి నేను ఏడ్చేసా నిజంగా. అది నా నిగ్రహం లోపం కాదు, ఆకలితో ఉన్న ఒళ్ళు చేసే పని. కాబట్టి మీరు కూడా త్వరగా తగ్గాలని మరీ కోసేసుకోకండి, వారానికి అరకిలో, చాలామందికి అంతే చాలు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

రెండోసారి జిమ్‌లో చేరా. మొదటిరోజే గెంతులు, లోతైన స్క్వాట్లు, 89 కిలోల మనిషితో చేయించారు, నాలుగో రోజుకి మోకాలు వాచింది, ఆరు వారాలు ఇంట్లో. జిమ్ తప్పని అనను, నా శరీరం అప్పుడున్న చోటు నుంచి మొదలుపెట్టలేదు, అదీ తప్పు.

మూడోసారి రాత్రి భోజనం అయ్యాక 10 నిమిషాలు నడక. అంతే. రోజుకి 10 వేల అడుగులు అని అందరూ అంటారు కదా, ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మెషీన్ అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, ఏదో శాస్త్రం తేల్చి చెప్పిన గీత కాదు, అది దాటకపోతే పాసవ్వనట్టు భయపడక్కర్లేదు. నేను ఒక వారం ఏమీ మార్చకుండా ఫోన్లో ఎన్ని వస్తున్నాయో చూసుకున్నా, 2,800 వచ్చాయి, ఇక అక్కడినుంచి రెండు వారాలకి ఒక వెయ్యి పెంచుకుంటూ పోయా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, ఇంకా కనీసం రెండు రోజులు కండరాలకి పని. 150కి చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ రెండు రోజుల కండరాల పని మాత్రం దయచేసి వదలకండి, ఆడవాళ్ళు ముఖ్యంగా. తిండి తగ్గించి నడక ఒక్కటే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, మొదటిసారి నాకు 7 కిలోలు పోయినప్పుడు మెట్లెక్కడం ఇంకా కష్టమైంది, అదే కారణం అనుకుంటా. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 8 సార్లు, గోడకి చేతులు ఆనించి పుషప్ లాగా 8 సార్లు, నీళ్ళ సీసాలు రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి లాగడం, ఇలా మొదలుపెట్టొచ్చు. తేలిక అయ్యాక బరువు పెంచాలి, ఎప్పటికీ అవే సీసాలతో ఉండిపోతే లాభం లేదు. ఇంకో మాట, బరువు తగ్గుతుంటే మోకాళ్ళకి కలిగే ఉపశమనం మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళ మీద చేసిన పరిశోధనలో తేలింది.

తిండి దగ్గరికి వస్తే నేను దేన్నీ పూర్తిగా మానలేదు. ప్లేటులో సగం కూరగాయలు, పావు భాగం గుడ్డో పప్పో చేపో ఏదో ఒక ప్రోటీన్, మిగతా పావు భాగం ధాన్యం. ప్రోటీన్ పెంచగానే సాయంత్రం ఆకలి తగ్గింది, ఈ మార్పు నాకు అన్నింటికన్నా బాగా పనిచేసింది. బరువు తగ్గేటప్పుడు కిలో ఒంటి బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ అని చెప్తారు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది, లెక్కేసుకుంటే చాలామందిమి అంత తినట్లేదని తెలుస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచొద్దు.

ఇక నేను అన్నీ సరిగ్గానే తింటున్నా అని మీరు రాసారు, మీ మాట నమ్ముతున్నా, నేనూ నమ్మకంగా అదే అనేదాన్ని. 1992లో ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదు అనే 10 మందిని జాగ్రత్తగా పరీక్షిస్తే, వాళ్ళు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారని, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, మన కళ్ళు అలా మోసపోతాయి. 79 దగ్గర నేను ఆగిపోయిన ఏడు వారాల్లో ఆఖరి రెండు వారాలు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాసా, దొరికినవి రెండు, ఒకటి నూనె చేత్తో అందాజుగా పోయడం, ఒక టేబుల్ స్పూన్ నూనె దాదాపు 120 క్యాలరీలు, నేను అరగంట నడిచి ఖర్చు పెట్టేదానికి ఇంచుమించు సమానం. రెండోది మా అమ్మాయి ప్లేటులో మిగిలినవి పారేయలేక తినేయడం. ఈ రెండూ ఆపితే మళ్ళీ కదిలింది. జీవితాంతం రాయక్కర్లేదు, ఆగిపోయినప్పుడు రెండు వారాలు రాస్తే చాలు. ఇంకా, తగ్గిన శరీరానికి ఖర్చు కూడా తక్కువే, 89 కిలోలప్పుడు బరువు దింపిన తిండి 79కి వచ్చేసరికి అంత వేగంగా దింపదు, కాబట్టి నాలుగైదు వారాల సగటు, నడుము కొలత రెండూ కదలకపోతేనే ఒక చిన్న మార్పు చేయండి, ఓ వెయ్యి అడుగులు పెంచడమో, ఒక పూట కాస్త తగ్గించడమో. మూడు వారాలకే కంగారు పడి సగం తిండి కోసేయకండి.

నిద్ర గురించి ఎవరూ చెప్పరు. 2010లో 10 మందికి ఒకే రకంగా తక్కువ తిండి పెట్టి రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకునే వీలిచ్చి చూస్తే, బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది కానీ నిద్ర తక్కువైనప్పుడు అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువ పోయింది. చిన్న పరిశోధనే, కానీ నా అనుభవం కూడా అదే, నిద్రలేని మర్నాడు తీపి చూస్తే ఆగలేను.

ఇప్పుడు అసలు విషయం. మీరు పెళ్లిలో తిన్న ఆ పూట మిమ్మల్ని వెనక్కి లాగలేదు, ఆ తర్వాత మానేసిన ఈ వారం లాగింది. 2010లో లండన్‌లో 96 మంది మీద చేసిన పరిశోధనలో ఒక అలవాటు దానంతటది రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, అలవాటుని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా చూసారు. మీరు మొదలుపెట్టి రెండు నెలలు కూడా కాలేదు. నేను మూడోసారి పెట్టుకున్న ఒకే ఒక్క రూలు, బాగా లేని రోజు కోసం ఒక చిన్న పని ముందే అనుకోవడం. పిల్లకి జ్వరం, ఆఫీసులో లేటు, ఒంట్లో బాలేదు, ఏదైనా సరే, షూ వేసుకుని 10 నిమిషాలు, అది కూడా కుదరకపోతే ఇంట్లోనే 10 నిమిషాలు. 20 నెలల్లో అలాంటి రోజులు ఎన్నో లెక్కలేదు, సగానికి సగం ఉంటాయేమో. వరసగా రెండో రోజు మాత్రం తప్పనివ్వలేదు. ఎక్కువ తిన్న మర్నాడు పస్తు ఉండటం, డబుల్ వ్యాయామం చేయడం కూడా మానేసా, శిక్షలాగా చేస్తే మూడో రోజుకి మళ్ళీ తినేస్తాం, మామూలు టైంకి మామూలు భోజనం, అంతే.

కొన్ని జాగ్రత్తలు. షుగర్‌కో బీపీకో మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌కి చెప్పండి, బరువు తగ్గేకొద్దీ డోసు మార్చాల్సి రావొచ్చు. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆపేసి చూపించుకోండి. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, ఎవరికీ తెలియకుండా పస్తులుండటం దాకా వెళ్ళి ఉంటే అది సిగ్గుపడే విషయం కాదు, దానికి వైద్యం ఉంది, బరువు కన్నా ముందు అది చూపించుకోవాలి.

మీరు తగ్గిన 4 కిలోలు చిన్నవి అనుకోకండి. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద చేసి 2002లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో వాళ్ళకి పెట్టిన గురి ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ, అంతే, ఆ గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. నాకు 7 శాతం అంటే 6 కిలోలు. అప్పటికి బయటికి ఎవరికీ తేడా తెలీలేదు, నాకు మాత్రం వంగి షూ లేస్ కట్టుకుంటూ ఊపిరి బిగపట్టట్లేదని ఒక సాయంత్రం ఉన్నట్టుండి తెలిసింది.

ఈ రాత్రి భోజనం అయ్యాక 10 నిమిషాలు నడిచి రండి. రేపు పొద్దున మెషీన్ ఎక్కొద్దు, వారం ఆగి ఎక్కండి, ఈలోగా బొడ్డు దగ్గర కొలత తీసి ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నాలుగు వారాల తర్వాత మళ్ళీ కొలిచి ఎంతొచ్చిందో ఇక్కడే చెప్పండి, తగ్గినా తగ్గకపోయినా సరే, నేను చూసి జవాబిస్తా.