పెరట్లో ప్లాస్టిక్ గడ్డి కంపు: మార్చాల్సింది గడ్డిని కాదు

ప్రశ్న: మాది విశాఖపట్నం దగ్గరి పెందుర్తి. ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు పెరడు ఉంది. నేల బంకమట్టి. మా రెండు లాబ్రడార్లు తవ్వి బురద చేస్తున్నాయని వేసవిలో ప్లాస్టిక్ గడ్డి వేయించాం. వానలు మొదలయ్యాక కంపు భరించలేకపోతున్నాం. కుక్కలు పాదాలు నాకుతూనే ఉంటున్నాయి, వేళ్ల సందుల్లో ఎర్రబడింది. ప్లాస్టిక్ పడక అలర్జీ వచ్చినట్టుంది. డీలరు ఇంకా ఖరీదైన రకం వేయించుకోమని, అంతవరకు ఫినాయిల్ చల్లమని చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఫినాయిల్ ఆపండి. కుక్క దాని మీద నడుస్తుంది, పాదాలు నాకుతుంది, ఆ మందంతా కడుపులోకి పోతుంది. బ్లీచింగ్ పౌడరు ఆలోచన ఉంటే అదీ మానుకోండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది.

అలర్జీ అని మీరే తేల్చేశారు. వేసవంతా అదే గడ్డి మీద పొర్లాడినప్పుడు రానిది సరిగ్గా వానలతోనే ఎందుకు వచ్చింది? మూత్రం కలిసిన తడిలో రోజంతా నానే పాదాలకు ఈస్ట్ (ఒక రకం బూజు క్రిమి), బ్యాక్టీరియా పట్టి ఉంటాయని నా అనుమానం. దగ్గర్లోని పశువైద్యుడితో చర్మం గీకి పరీక్ష చేయించండి. ఆ పరీక్ష కాకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించవద్దు. డెమోడెక్స్ అనే చర్మపు పురుగుల వల్ల వచ్చే గజ్జి ఉంటే దానితో ముదురుతుంది. ఈస్ట్ అని తేలితే 2 శాతం క్లోరెక్సిడిన్, 2 శాతం మైకోనజోల్ ఉన్న షాంపూతో వారానికి రెండుసార్లు పాదాలు కడగాలి. నురుగు 10 నిమిషాలు ఉండనివ్వాలి, అంతవరకు నాకనివ్వకూడదు. కడిగాక వేళ్ల మధ్య పొడి గుడ్డతో తుడవాలి. చాలామంది ఈ చివరి పనే వదిలేస్తారు.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. అది నేలలో ఉంది. గడ్డి మూల ఒకటి ఎత్తి, దాని కింద పరిచిన ఇసుక గుప్పెడు తీసుకోండి. నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంటే అక్కడ నీరు కదలడం లేదు, గాలి ఆడడం లేదు. డీలరు చూపించే చిల్లులు గడ్డి అడుగున ఉంటాయి, నేలలో కాదు. బంకమట్టి గంటకు 5 మిల్లీమీటర్లకు మించి నీరు పీల్చదు. మీ పెరడు సుమారు 28 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,400 లీటర్లు పడతాయి, అందులో 140 లీటర్లు ఇంకడమే గొప్ప. మిగతాది గడ్డి కింద నిలిచి మూత్రాన్ని నానబెడుతుంది. ఎంత ఖరీదైన గడ్డి వేసినా ఈ లెక్క మారదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక గుంత తీయండి. అడుగు లోతు, అడుగు వెడల్పు. ఒకసారి నీరు నింపి పూర్తిగా ఇంకనివ్వండి, మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. అంగుళంలోపు దిగితే నీటిని బయటికి తీసే పైపు లేకుండా గడ్డి వేయడం దండగ. డబ్బు తీసుకునే ముందు డీలరు చేయాల్సిన పరీక్ష ఇది. బంకమట్టిలో ఇసుక కలపమని ఎవరైనా చెబితే వినకండి, అది ఇటుకలా బిగుసుకుంటుంది. జిప్సం చౌడు నేలకే పనిచేస్తుంది, భూసార పరీక్ష లేకుండా చల్లవద్దు.

మళ్లీ వేయడం ఇలా. మట్టిని 20 సెంటీమీటర్లు తీసి, అడుగును మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో చదును చేయించండి. వాలు ఇంటి గోడ వైపు ఉండకూడదు. పల్లపు అంచున మరో 30 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వి, చిల్లులున్న 4 అంగుళాల పైపు వేయించండి. నేల మీద, కాలువలో నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, లేదంటే బంకమట్టి పైకి ఉబికి కంకరను పూడ్చేస్తుంది. పైన 20 ఎం.ఎం. కంకర 15 సెంటీమీటర్లు, దాని మీద 6 ఎం.ఎం. రాతి చిప్స్ 4 సెంటీమీటర్లు పరిచి దిమ్మిస కొట్టించండి. క్రషర్ డస్ట్ (రాతి పొడి) మాత్రం వద్దు. చదునుగా కనిపిస్తుందని మేస్త్రీలు అదే పోస్తారు, సందులన్నీ అదే మూసేస్తుంది. పైపు చివర వీధి కాలువ కంటే ఎత్తులో ఉందో లేదో తవ్వకముందే కొలుచుకోండి. కాలువే ఎత్తయితే చేసిన పనంతా వృథా. బోరు ఉంటే ఈ నీటిని దాని పక్క ఇంకుడు గుంతలోకి పంపవద్దు.

గడ్డి పోగుల మధ్య ఇసుకకు బదులు జియోలైట్ అనే ఖనిజపు గుళికలు వేయండి, చదరపు అడుగుకు అర కిలో. అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. రోజూ నీటితో కడగడం మాత్రం తప్పదు. మే నెల ఎండలో ఈ గడ్డి పాదాలు కాలేంత వేడెక్కుతుంది. అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను వదలవద్దు. నన్నడిగితే సగం పెరటికి గడ్డి చాలు, మిగతా సగం నీడ కింద చిప్స్ పరవండి.

వీటన్నిటికంటే అవసరమైన విషయం మీరు అడగలేదు. నిలిచిన నీటికి ఎలుకలు వస్తాయి, వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది. తడి నేలలో ఆ క్రిమి వారాల తరబడి బతుకుతుంది. కుక్కకు కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, దాని మూత్రం నుంచి ఇంట్లో వాళ్లకూ అంటుకుంటుంది. టీకా కార్డు తీసి ఈ జబ్బు టీకాకు గుర్తయిన ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడండి. లేకపోతే ఈ వారమే మొదటి డోసు, మూడు నాలుగు వారాలకు రెండోది, ఆపై ఏటా ఒకటి. రేబిస్ టీకా వేయించాం కదా అనుకోవద్దు, అది వేరు. జ్వరం, వాంతులు, కళ్లు పసుపు పచ్చబడడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, మూత్రం చేతి తొడుగులతోనే శుభ్రం చేయండి.

తవ్వకం ఇప్పుడు పెట్టుకోవద్దు. మన వైపు అక్టోబరు, నవంబరుల్లో కూడా తుపాను వానలుంటాయి. జనవరిలో మొదలుపెట్టండి. అంతవరకు గడ్డి చుట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టి దాచండి. చిరగకపోతే అదే మళ్లీ పరచుకోవచ్చు, కొత్తది కొనక్కర్లేదు.